మునిగిన ఊళ్లు, మూలన పడిన వీడియో క్యాసెట్లు

ఈసారి పంట గురించి కాదు, ధర గురించి కాదు. బీరువా మీద, ట్రంకు పెట్టెలో, అటక పైన దుమ్ము పట్టి పడున్న పెండ్లి వీడియో క్యాసెట్ల గురించి రాస్తున్నా. కొంచెం పొడుగైతాది, ఓపిక చేసుకోని చదవండి. గండికోట ముంపు ఊళ్ల వాళ్లు తప్పకుండా చదవాల.

ముందు శ్రీశైలం సంగతి చెప్పాల. 1981 జూన్ నెలలో డ్యాం నీళ్ల కోసం ఊళ్లు ఖాళీ చేయించినారు. ఆ పనికి సర్కారు పెట్టిన పేరే ‘ఆపరేషన్ డిమాలిషన్’. అంటే కూలగొట్టుడు. కర్నూలు, మహబూబ్‌నగర్ రెండు జిల్లాల్లో కలిపి వంద దాకా ఊళ్లు, లక్ష దాకా జనం. కృష్ణా తుంగభద్ర కలిసే చోట ఉన్న కూడవెల్లి సంగమేశ్వరుని గుడిని విప్పి, ఆలంపురం తెచ్చి మళ్లీ కట్టినారు. మంచి పనే, దాన్ని తప్పు పట్టడం లేదు. ముచ్చుమర్రి దిక్కున్న సప్తనదుల సంగమేశ్వరుడు మాత్రం నీళ్లలోనే ఉండిపోయినాడు, ఎండాకాలం నీళ్లు దిగితే బయటికొస్తాడు, మనమంతా పోయి చూసి వస్తాం. గుళ్లకైతే గుర్తుంది. ఇండ్లకు, వీధులకు, కల్లాలకు, బావులకు ఏం మిగిలింది? కొందరి దగ్గర ఒకటో రెండో బ్లాక్ అండ్ వైట్ ఫోటోలు. అవి కూడా స్టూడియోలో పరదా ముందర నిలబడి దిగినవి. ఊరు ఎట్లుండె అని మనవడు అడిగితే, తాత చేత్తో గాల్లో గీసి చూపించాల్సిందే.

తప్పు ఎవరిదీ కాదు. అప్పటికి మన పల్లెల్లో వీడియో కెమెరా మాటే లేదు. వీహెచ్ఎస్ క్యాసెట్టును జపాన్లో జేవీసీ కంపెనీ వాళ్లు బయటికి తెచ్చింది 1976లో. హైదరాబాదు దూరదర్శన్ మొదలైంది 1977లో. రంగుల టీవీ మన దేశంలోకి వచ్చింది 1982లో, ఢిల్లీ ఏషియాడ్ పుణ్యమా అని. శ్రీశైలం ఊళ్లు అంతకు ముందే మునిగిపోయినాయి.

తర్వాత పదేండ్లలో అంతా మారిపోయింది. మొదట్లో ఊర్లోకి వచ్చింది కెమెరా కాదు, డెక్కు. టౌన్ నుంచి టీవీ, డెక్కు బాడిగకు తెచ్చి, చావిడి ముందర పెట్టి, రాత్రంతా మూడు సినిమాలు. కరెంటు పోతే జనరేటరు. యాభై దాటిన వాళ్లెవరికీ ఇది నేను చెప్పాల్సిన పని లేదు. ఆ వెనకే పెండ్లి వీడియోలు వచ్చినాయి. భుజం మీద పెద్ద కెమెరా పెట్టుకోని ఒకడు, కండ్లు పోయేటంత లైటు పట్టుకోని ఇంకొకడు, వైరు చుట్టలు మోసుకుంటూ మూడోవాడు. 90లు వచ్చేసరికి అప్పు చేసైనా వీడియో తీయించాల్సిందే అనే కాడికి వచ్చింది.

ఆ క్యాసెట్లలో ఉండేది పెండ్లే అనుకుంటాం. పెండ్లికొడుకును, పెండ్లికూతురును కాదు, ఒకసారి వాళ్ల వెనకాల కనపడేది చూడండి. మా ఇంట్లో 1995 నాటి క్యాసెట్ ఒకటుంది. పోయినేడాది కంప్యూటర్లోకి ఎక్కించి అందరం కూర్చొని చూసినాం. తలంబ్రాల కన్నా మా పిల్లోళ్లు నోరు తెరుచుకోని చూసింది బావిని. మెట్ల బావి, నీళ్లు చెయ్యి చాపితే అందుతున్నాయి. ఇప్పుడు ఆ చేన్లో బోరు ఎంత లోతుకు పోయిందో మీకు తెలియనిది కాదు. వెనక వరసగా మట్టి మిద్దెలు, పైన చౌడు మన్ను, మిద్దె మీద గవాక్షి. వామిదొడ్డిలో ఇంటెత్తు వామి. పందిట్లో కట్టేసిన కాడెద్దులు, వాటి కొమ్ములకు రంగు. వాకిట్లో ఆరబోసిన కొర్రలు. అరుగు మీద కూర్చున్న పెద్దాయన జొన్న పాతర గురించి ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ఆయన గొంతు మళ్లీ వింటామని ఎవరం అనుకోలేదు.

గొంతు అంటే గుర్తొచ్చింది. మిక్సింగ్ చేసే వాళ్లు చాలా క్యాసెట్లలో సినిమా పాటలు పెట్టి జనం మాటలన్నీ మింగేసినారు. పూలు రాలేది, గుండె బొమ్మలో ఫోటో తిరిగేది, అదంతా అప్పుడు గొప్ప. మిక్సింగ్ చేయక ముందటి అసలు టేపు ఎవరింట్లో అయినా ఉంటే అది బంగారం, దాన్ని విడిగా దాచుకోండి.

మన మెట్ట సేద్యం అప్పుడు ఎట్లుండె, ఏ గింజ తిన్నాం, నీళ్లు ఎంత లోతులో ఉండె అనేది లెక్కల పుస్తకాల్లో అంకెలుగా ఉండొచ్చు. కండ్లకు కనపడేటట్లు ఉన్నది ఈ క్యాసెట్లలోనే. ఎవరూ చరిత్ర రాయాలని తీసింది కాదు కాబట్టే దాంట్లో అబద్ధం తక్కువ.

ఇప్పుడు గండికోట. పెన్నా మీద కట్టిన ఆ రిజర్వాయరు నిండితే 26.85 టీఎంసీలు. కొండాపురం మండలంలో తాళ్లప్రొద్దుటూరు లోపలికి 2020లో నీళ్లు వచ్చినాయి. పరిహారం, ఇండ్ల స్థలాల గొడవలు మీకందరికీ తెలుసు, దాని మీద ఇంకోసారి రాస్తా. నేను చెప్పేది ఒకటే. శ్రీశైలం వాళ్లకు లేనిది గండికోట వాళ్లకు ఉంది. ముంపు ఊళ్లలో పెండ్లి వీడియో తీయించుకున్న ఇండ్లు ఉన్నాయి, ఆ క్యాసెట్లు కాలనీలకు సామాన్లతో పాటు వచ్చి యాడో ఒక మూటలో ఉంటాయి. ఊరేగింపు ఏ వీధిలో పోయిందో, గుడి ముందర చెట్టు ఎట్లుండెనో, మీ ఇంటి వాకిలి ఏ దిక్కుకుండెనో అన్నీ దాంట్లో కదులుతా ఉంటాయి. ఒక ఇంటి క్యాసెట్లో పది ఇండ్లు కనపడతాయి. నలుగురు ఐదుగురు కలిస్తే వీధి మొత్తం వస్తుంది.

అయితే టైం లేదు. ఎందుకో చెప్తా. క్యాసెట్ లోపల ఉండేది అరంగుళం వెడల్పు ప్లాస్టిక్ రిబ్బను. దాని మీద సన్నని ఇనుప తుప్పు పొడిని జిగురుతో అంటించినారు. బొమ్మంతా ఆ పొడిలోనే ఉంది. మన ఎండకు, రేకుల ఇంటి వేడికి, వానాకాలం చెమ్మకు ఆ జిగురు చెడిపోతుంది, పొడి రాలిపోతుంది. బొమ్మ మీద గీతలు, మంచు పడినట్లు చుక్కలు వచ్చేది అందుకే. డెక్కులో చిన్న డ్రమ్ము సెకనుకు 25 సార్లు తిరుగుతూ ఆ రిబ్బను మీద గీసిన సన్నని గీతలను చదువుతుంది. ఆ డెక్కే ఇప్పుడు దొరకడం లేదు. ప్రపంచంలో చివరిదాకా వీసీఆర్‌లు చేసిన జపాన్ ఫునాయి కంపెనీ కూడా 2016 జులైలో ఆపేసింది. క్యాసెట్లు కాపాడుకోండి, మిషన్లు అయిపోతున్నాయి అని యునెస్కో వాళ్లు 2019లో పెద్ద పెద్ద గ్రంథాలయాలకే హెచ్చరిక పంపినారు. వాళ్లు చెప్పిన గడువు 2025.

నీళ్ల దెబ్బ వేరే. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర వచ్చి కర్నూలు మునిగినప్పుడు, 2021 నవంబర్ 19న అన్నమయ్య డ్యాం తెగి చెయ్యేరు ఒడ్డున పులపత్తూరు, మందపల్లె కొట్టుకుపోయినప్పుడు ఇండ్లలో ఉన్న పెట్టెలన్నీ పోయినాయి.

కాబట్టి చేయాల్సింది. ముందు క్యాసెట్ మూత ఎత్తి రిబ్బను చూడండి. తెల్లగా బూజు ఉంటే డెక్కులో వేయొద్దు. టేపు తెగుతుంది, ఆ బూజు డెక్కుకు అంటి తర్వాత వేసే క్యాసెట్లకు కూడా పడుతుంది. అట్లాంటిది తెలిసినవాళ్ల చేత తుడిపించాలి. బాగుంటే, వెనక అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ బిళ్లను విరగ్గొట్టండి. అది లేకపోతే డెక్కు రికార్డు చేయదు, పొరపాటున మీద ఇంకోటి పడదు. రామాయణం సీరియల్ రికార్డు చేసుకోబోయి సొంత పెండ్లి చెరుపుకున్న వాళ్లను నేనెరుగుదును.

కర్నూలు, కడప, ప్రొద్దుటూరు పాత స్టూడియోల్లో అడగండి, పనిచేసే డెక్కు ఎవరి దగ్గరైనా ఉంటుంది. డెక్కు నుంచి పసుపు వైరులో బొమ్మ, తెలుపు ఎరుపు వైర్లలో శబ్దం వస్తాయి. మధ్యలో చిన్న క్యాప్చర్ డబ్బా పెట్టి యూఎస్‌బీతో కంప్యూటర్‌కు కలుపుతారు. మూడు గంటల క్యాసెట్ ఎక్కాలంటే మూడు గంటలు పడుతుంది, అడ్డదారి లేదు. అరగంటలో ఇస్తామంటే నమ్మొద్దు. టీవీలో వేసి ఫోన్‌తో తీసి ఇచ్చేవాళ్లు కూడా ఉన్నారు, ముందే అడగండి. ఫైలు ఎంపీ4 గా తీసుకోండి, గంటకు ఒకటి రెండు జీబీ అవుతుంది.

ఇరవై ఏండ్ల కిందటే సీడీ చేయించినాం కదా అనేవాళ్లకు ఒక మాట. ఆ వీసీడీలో బొమ్మ నిలువు గీతల్లో సగమే ఉంటాయి, పైగా ఆ బిళ్లలు కూడా చెడిపోతాయి. క్యాసెట్ ఉంటే దాని నుంచే మళ్లీ ఎక్కించుకోండి, ఎక్కించినాక కూడా పారేయొద్దు. ఫైలు ఒకటి ఇంట్లో, ఒకటి హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉన్న పిల్లల దగ్గర పెట్టండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే బొమ్మ పిండి పిండి అవుతుంది, డాక్యుమెంటుగా పంపండి.

ఇంకొకటి, దీనికి ఖర్చు లేదు. ఫైలు చేతికొచ్చిన రోజు ఊర్లో పెద్దామెనో పెద్దాయననో పక్కన కూర్చోబెట్టుకోని వేయండి. ఫోన్లో రికార్డింగ్ ఆన్ చేసి పెట్టండి. ఈయప్ప ఎవరు, ఆ ఇల్లు ఎవరిది, ఆ బావి పేరేంది అని ఆపి ఆపి అడగండి. ఏ నిమిషం దగ్గర ఎవరున్నారో ఒక నోటుబుక్కులో రాసుకోండి. మా క్యాసెట్లో బంతిలో కూర్చున్న వాళ్లలో పదకొండు మందిని మా పెద్దమ్మ ఒక్కతే గుర్తుపట్టింది. ఇంకా ఆరుగురున్నారు, వచ్చే ఆదివారం పక్క ఊరి నుంచి ఒక పెద్దాయనను పిలిపిస్తున్నాం.