దూరపు బాటల బండివారు – వారి ఛాయాచిత్రములు

చరిత్ర యనగానే మనకు రాజులు, కోటలు, యుద్ధములు జ్ఞప్తికి వచ్చును. కోటలో రాజు భుజించిన యన్నమునకు బియ్యమెవరు మోసి తెచ్చిరి, యుద్ధమున సైన్యమునకు గింజ లెవరు చేర్చిరి యను ప్రశ్నలను చరిత్రకారు లరుదుగా వేసికొనిరి. ఈ దినము నేను చెప్పబూనినది సరకులు చేరవేయువారిని గూర్చి. అందును ముఖ్యముగా, వారి దినచర్యను ఛాయాచిత్రములలో నిలిపి యుంచుటకు జరిగిన యొక ప్రయత్నమును గూర్చి. ఆ ప్రయత్నము మన దేశమున జరిగినది కాదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో 1940, 1943 సంవత్సరములందు జరిగినది. అయినను, లారీ తోలుటకై యిల్లు విడిచి నెలల తరబడి తిరుగు కుమాళ్లు మన పల్లెలలో నెందరో కలరు. కావున పెద్దలైన మీకీ వృత్తాంతము పరాయిదిగా దోచదని తలచెదను.

ముందు మన సంగతియే కొంత చెప్పికొని యవతలికి బోవుట మంచిది. కాకతి గణపతిదేవ చక్రవర్తి మోటుపల్లి రేవున క్రీ. శ. 1244-45 ప్రాంతమున నొక యభయశాసనము వేయించెను. గాలికి దెబ్బతిని యొడ్డునకు గొట్టుకొని వచ్చిన యోడలలోని సరకును పూర్వపు రాజులు హరించుచుండగా, తాను సుంకము మాత్రమే గైకొందునని యా ప్రభువు వర్తకులకు మాట యిచ్చెను. ఆ శాసనమున గంధపుచెక్కలు, కర్పూరము, దంతము, ముత్యములు, పట్టు, మిరియములు, పోకలు మున్నగువానికి సుంకపు రేట్లు వివరముగా గలవు. ఎంత గంధపుచెక్కకు నెంత చెల్లింపవలెనో శిల చెప్పును. ఆ చెక్కను రేవునుండి యోరుగల్లునకు మోసినవాడెవడో చెప్పదు. శాసనము చెక్కించినవారి యుద్దేశ మది కాదు గనుక వారిని నిందింపబని లేదు. కాని లోటు లోటే.

తరువాతి శతాబ్దులలో నీ పని పెరికె యెద్దులవారిదియు, లంబాడీలదియు నయ్యెను. కోస్తానుండి యుప్పు దక్కను లోపలి సీమలకు, లోపలి సీమల ధాన్యము మఱియొక దిక్కునకు, వేలకొలది యెద్దుల వీపులపై నడచెను. 1791-92లో కారన్‌వాలీసు శ్రీరంగపట్టణముపై దండెత్తినప్పుడును, 1803లో ఆర్థరు వెల్లస్లీ మహారాష్ట్రులతో పోరాడినప్పుడును లంబాడీలు ధాన్యము తేకున్నచో నా సేనలు కదలజాలకయుండెడివి. వెల్లస్లీ యుత్తరములలో వారి ప్రశంస పలుమాఱు వచ్చును. అయితే యవి యెద్దుల లెక్కలు, గింజల లెక్కలు.

ఛాయాగ్రహణ విద్య 1839లో పారిసునందు లోకమునకు వెల్లడియయ్యెను. మదరాసు సీమలో 1856లో మొదటి రైలు నడచెను. 1893 నాటికి బెజవాడకడ కృష్ణపై రైలు వంతెన పూర్తియయ్యెను. కెమెరా మన సీమకు వచ్చి కుదురుకొను వేళకు పెరికె యెద్దుల వర్తకము క్షీణదశకు వచ్చుచుండెను. హైదరాబాదు నిజాము మహబూబు అలీఖాను కొలువున రాజా లాలా దీనదయాళు (1844–1905) వంటి మహానిపుణుడుండెను. ఆయన కెమెరా యెక్కువగా నగరుల వైపును, వేటల వైపును, కొలువుకూటముల వైపును దిరిగినది. కొలువు జీతము తీసికొనువాని కది సహజమే. ఇట్లు వేయి యెద్దుల బిడారు దుమ్ము రేపుచు నడచు నాటి సంపూర్ణ దృశ్యము మన కన్నులకు దక్కకపోయినది.

ఇక నమెరికా సంగతి. 1929 తరువాత నా దేశమున గొప్ప దారిద్ర్యము వచ్చినది. ధరలు పడిపోయి, వర్షములు లేక, నేల దుమ్మై యెగిరి, లక్షల కొలది సేద్యగాండ్రు భూములు విడిచి వలసపోయిరి. 1935లో రూజువెల్టు ప్రభుత్వ మొక పునర్నివాస శాఖను నెలకొల్పెను. 1937లో దానికే ‘ఫారం సెక్యూరిటీ’ శాఖయని పేరు మాఱినది. బీదల స్థితిని దేశమునకు జూపుటకై యా శాఖ ఛాయాగ్రాహకులను జీతములిచ్చి నియమించెను. వారిపై నధికారి రాయి స్ట్రైకరు. ఆయన యర్థశాస్త్రము బోధించినవాడు, కెమెరా పట్టినవాడు కాడు. కారల్ మైదాన్సు అను యువకుడు ప్రత్తి సాగును చిత్రించుటకై దక్షిణ రాష్ట్రములకు బయలుదేరబోవగా, ‘ప్రత్తిని గూర్చి నీ కేమి తెలియును?’ అని స్ట్రైకరు ప్రశ్నించెనట. ‘పెద్దగా దెలియదు’ అని యాతడనగా, ప్రయాణము మాన్పించి, ప్రత్తి విత్తనము మొదలు దాని వర్తకము, దాని చరిత్ర, దానివలన నైన రాజకీయము వఱకు రాత్రి దనుక బోధించి, ఆ పిమ్మటనే పంపెను. బడిపంతులుగా జీవితము గడపిన నాకీ కథ మిక్కిలి ప్రియము. తెలియనివానికి కన్నులున్నను గనబడదు.

ఈ శాఖలోని యిరువురు ఛాయాగ్రాహకులు మన ప్రస్తుత కథకు నాయకులు. ఇద్దఱును 1914లో బుట్టినవారే. జాకు డెలానో ఉక్రెయిను దేశమున జన్మించి బాల్యముననే యమెరికాకు వచ్చినవాడు. జాను వేచను మిన్నెసోటా రాష్ట్రమువాడు. వేచను 1936లో నీ శాఖలో జేరినది ఛాయాగ్రాహకుడుగా గాదు, సహాయ బంట్రోతుగా. ఇతరులు తీసిన చిత్రముల వెనుక, అది యేయూరు, ఏనెల, అందున్న దేమి యను వివరమును పెన్సిలుతో నెక్కించుట యాతని పని. అట్లు వేలకొలది చిత్రముల వెనుక వ్రాసి వ్రాసి, ముందు వైపు నేమున్నదో చూచుట నేర్చి, తుదకు తానే కెమెరా పుచ్చికొనెను. ఇంతకంటె మంచి గురుకులవాసము వేఱేమి కలదు?

1940లో డెలానో వాషింగ్టను నగరమున న్యూయార్కు వీథిలోని యొక లారీల మజిలీకి బోయెను. అది దేశపు 1వ నెంబరు రహదారిపై నున్నది. ఆ బాట యుత్తరమున మెయిను మొదలు దక్షిణమున ఫ్లారిడా కొన వఱకు దూర్పు తీరము వెంబడి పోవును. అచట పెట్రోలు పోయుటయే కాక, తోలువారు పండికొనుటకు మంచములును గలవు. డెలానో లారీలను మాత్రమే కాక యా మనుష్యులను, వారి పడకలను సైతము చిత్రించెను. 1943 మార్చిలో వేచను ఉత్తర కరోలినాలోని షార్లటు పట్టణ ప్రాంతమునకు బోయి, 29వ నెంబరు రహదారిపై నడచు లారీలను, సరకు దింపి యెక్కించు స్థలములను, డ్రైవర్లను చిత్రించెను.

ఆ కాలపు డ్రైవరు స్థితి కొంత తెలిసికొనినగాని యా చిత్రములర్థము కావు. 1935లో మోటారు రవాణా చట్టము వచ్చువఱకు నన్ని గంటలు మాత్రమే తోలవలెనను దేశవ్యాప్త నియమము లేదు. ఆ చట్టము ననుసరించి తరువాత నేర్పడిన నిబంధనలు వారమునకు 60 గంటలు పరిమితి చేసినవి. అంతలో యుద్ధము వచ్చినది. మలయా, ఇండొనీషియా దీవులు జపాను వశమగుటచే రబ్బరు రాక నిలిచినది. 1942 జనవరిలోనే టైర్లకు రేషను పెట్టిరి. ఆ సంవత్సరమే టైర్లు మన్నవలెనని గంటకు 35 మైళ్ల వేగమును మించరాదనిరి. వందల మైళ్ల బాటను, అరిగిన టైర్లతో, ఆ మందగమనమున రాత్రి తెల్లవార్లు తోలుట యెట్టిదో యూహించుకొనుడు.

ఇందొక చమత్కారము గలదు. డ్రైవరు పనియంతయు మెలకువలో నున్నది. చీకటిలో రెండు దీపముల వెలుగున గన్ను మూయకుండుటయే యాతని విద్య. కాని యా మెలకువను కెమెరా పట్టజాలదు. ఆ దినములలో రాత్రి చిత్రము తీయవలెనన్న మెఱుపు బల్బు వెలిగింపవలెను. వెలిగించిన క్షణమున రాత్రి యంతరించును. కావున నిట్టి చిత్రములలో మనకెక్కువగా గనబడునది నిలిచినప్పటి బ్రతుకు: బండి దిగుట, తినుట, పండుట, కాగితములు చూపుట, తమ వంతుకై వేచియుండుట. కొందఱు దీనిని లోపమందురు. నా కట్లు తోచదు. దూరప్రయాణికుని జీవితమున సగము వేచియుండుటయే కదా! ప్రయాణమును వర్ణించిన కవులెందరో కలరు. మజిలీలో మూడు గంటలు నిలిచి కాళ్లు పీకుటను వర్ణించినవారు కొద్దిమంది.

మజిలీలన్నియు నందఱివియు గావు. 1940లోనే డెలానో అదే ఉత్తర కరోలినాలోని డర్హము పట్టణమున బస్సుల నిలయమును చిత్రించెను. నల్లవారు వేచియుండుటకు వేఱుగదియను పలక యందు స్పష్టముగా గనబడును. 1943లో ఎస్తరు బబ్లీ యను యువతి దూరపు బస్సులలో బ్రయాణము చేసి, త్రోవలో నట్టి వేర్వేఱు భోజనస్థలములనే చిత్రించినది. ప్రభుత్వపు జీతము తీసికొనుచు ప్రభుత్వపు రాష్ట్రములలోని యీ యన్యాయమును పటములోనికెక్కించిరి. ఆ పలకలు 1964 నాటి పౌరహక్కుల చట్టముతో దొలగినవి, పటములు మిగిలినవి. మన బాటప్రక్క టీ దుకాణములలో రెండు రకముల గ్లాసులు వ్రేలాడిన దినములను మీలో ననేకు లెఱుగుదురు. దాని ఛాయాచిత్రమును మీలో నెందఱు చూచితిరి? పటము లేనిదానిని లేనే లేదని పలుకుట మనుమల కెంత సులభము!

ఈ ప్రయత్నమును గేవలము పొగడుటయు న్యాయము కాదు. 1942లో నీ చిత్రశాఖ యుద్ధ సమాచార శాఖలో గలిసినది. అందుచే 1943 నాటి లారీ చిత్రములకు, మన దేశము సరకులతో గదలుచున్నది, విజయమునకు సిద్ధముగా నున్నదని చాటు ప్రయోజనమును గలదు. మన ప్రశస్తి శాసనములును నిట్టివే. వానినుండి సత్యమును గ్రహింపవలెనన్న వ్రాయించిన వాని కోరికను మినహాయించి చదువవలెను. మఱియు, స్ట్రైకరునకు మొదటి సంవత్సరములలో నొక చెడ్డ యలవాటుండెను. తనకు నచ్చని నెగటివులకు నడుమ రంధ్రము గొట్టించెడివాడు. ఆ నల్లని గుండ్రని మచ్చలు నేటికిని కొందఱి ముఖములపై, కొన్ని పొలములపై నుండిపోయినవి. తాళపత్రమును పురుగు తినుట యొకటి. పండితుడే పొడుచుట మఱియొకటి.

అంతకంటె బెద్ద లోపము పేరులది. ఊరు, నెల, పని వ్రాసిరి గాని మనిషి పేరు పెక్కు చిత్రముల వెనుక లేదు. ఇదే శాఖలోని డొరోతియా లాంజి 1936లో కాలిఫోర్నియాయందు తీసిన ‘వలసపోయిన తల్లి’ చిత్రము లోకమంతట నచ్చువడినది. ఆ తల్లి పేరు ఫ్లారెన్సు ఓవెన్సు థాంప్సను అని లోకమునకు 1978లో, అనగా 42 సంవత్సరముల పిమ్మట, తెలిసినది. ఆ చిత్రము వలన తనకు లాభమేమియు గలుగలేదని యామె నొచ్చుకొనెను. ఆ మాటకు సమాధానము చెప్పుట సులభము కాదు.

అయినను నాశము కావలసిన యా నిధి దక్కినది. స్ట్రైకరు 1943లో నుద్యోగము విడచునప్పటికి దానిని చెల్లాచెదరు చేయుదురను భయముండెను. ఆయన పట్టుదలచేతను, గ్రంథాలయాధిపతియైన కవి ఆర్చిబాల్డు మెక్లీషు సాయముచేతను, 1944లో నదియంతయు నా దేశపు కాంగ్రెసు గ్రంథాలయమునకు జేరెను. నలుపు తెలుపు నెగటివులే సుమారు 1,75,000. నేడు వానిని బ్రపంచమున నెవరైనను రుసుము లేక చూడవచ్చును.

మన దేశమున నిట్టి ప్రభుత్వనిధి లారీవారి కేర్పడలేదు. రఘువీరసింగు గ్రాండు ట్రంకు రోడ్డును వర్ణచిత్రములలో నెక్కించి 1995లో గ్రంథముగా వెలువరించెను. విదేశములనుండి వచ్చినవారు లారీల వెనుకనున్న ‘హారన్ ఓకే ప్లీజ్’ అను వ్రాతను, తామరలను, నెమళ్లను ముచ్చటపడి తీసికొనిపోవుదురు. బండి యలంకారము వారి కన్నునకు దగులును, బండివాడు తగులడు. మన 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు మించరాదన్నది. అమెరికావారి 60 గంటల కంటె నిది దయగలదే. ఆ దయ యర్ధరాత్రి బాటమీదికి నెంత వఱకు వచ్చినదో తోలినవారినే యడుగవలెను.

ఇంతలో బ్రతుకు మాఱిపోవుచున్నది. రాష్ట్రపు సరిహద్దుల వాణిజ్యపన్నుల చెక్‌పోస్టుల కడ మైళ్ల పొడవున లారీలు నిలుచుటయు, వాని నీడలో డ్రైవర్లు స్టవ్వు వెలిగించి యన్నము వండికొనుటయు మనమెఱిగినదే. 2017 జూలై 1 తరువాత నా తనిఖీలు తీసివేయబడినవి. ఆ నిరీక్షణ పోవుట మేలే. దాని నిక చిత్రింప నలవి గాదు. 2025 అక్టోబరు 1 మొదలు తయారగు పెద్ద లారీలలో డ్రైవరు గదికి చల్లదనపు యంత్రముండవలెనని నియమము వచ్చినది. మండువేసవిలో తడిగుడ్డ తలకు జుట్టి తోలిన తరమువారు మన యరుగులపై నిప్పటికిని గూర్చున్నారు.

మన యిండ్లలో విజయదశమి నాటి పటమొకటి తఱచుగా నుండును. బంతిపూల దండలు వేసిన లారీ, చక్రముల క్రింద నిమ్మకాయలు, ప్రక్కన క్రొత్తచొక్కాతో డ్రైవరు, ఆ వెనుక సగము కనబడు క్లీనరు కుఱ్ఱవాడు. దానిని గోడనుండి దింపి వెనుకకు ద్రిప్పి చూడుడు. తఱచుగా నేమియు నుండదు. తోలినవాని పేరు, ఆ కుఱ్ఱవాని పేరు, బండి నెంబరు, ఏ సంవత్సరము, ఏ సరకు వేసికొని యే బాటను బోయెడివారో వ్రాసి యుంచుడు. పెన్సిలుతో వ్రాసిన జాలును. సిరా యైనచో ముందు వైపునకు దిగును.