డోలీ నుంచి హెలికాప్టర్ దాకా: ఉత్తరాంధ్రలో అత్యవసర వైద్య రవాణా

రాజాం నుంచి విశాఖపట్నం రోడ్డు మీద వంద కిలోమీటర్ల పైచిలుకు. నా చిన్నతనంలో జబ్బుమనిషిని ఎడ్లబండి మీద చీపురుపల్లి స్టేషనుకు చేర్చి, రైలు కోసం ఎదురుచూసేవారు. పాలకొండ దాటి సీతంపేట కొండల్లోకి వెళితే ఆ బండి కూడా లేదు. కర్రకు దుప్పటి కట్టి, అందులో మనిషిని కూర్చోబెట్టి ఇద్దరు మోసే డోలీయే దిక్కు. ఆ డోలీ నేటికీ చరిత్రలో కలిసిపోలేదు. అందుకే "ఇక్కడికి హెలికాప్టర్ ఎందుకు రాదు?" అని విద్యార్థులు తరచు అడుగుతుంటారు. ప్రశ్న న్యాయమైనదే. సమాధానం కోసం కొంత వెనక్కు వెళ్ళాలి.

హెలికాప్టర్‌తో క్షతగాత్రులను తరలించడం యుద్ధంలో మొదలైంది. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి వేలాదిమంది కూలికి వలస వెళ్ళిన బర్మాలోనే, 1944 ఏప్రిల్‌లో కార్టర్ హార్మన్ అనే అమెరికన్ పైలట్ సికోర్‌స్కీ యంత్రంలో గాయపడిన బ్రిటిష్ సైనికులను ఒక్కొక్కరిగా అడవి నుంచి బయటకు తెచ్చాడు. ఆ యంత్రం పైలట్ కాక మరొక్కరినే మోయగలిగేది. కొరియా యుద్ధంలో (1950-53) ఇది పద్ధతిగా మారింది. పౌర సేవగా 1970లో అమెరికాలోని మేరీలాండ్‌లోను, జర్మనీలోని మ్యూనిక్‌లోను ప్రారంభమైంది. గాయపడిన తరువాతి మొదటి గంట కీలకమన్న 'గోల్డెన్ అవర్' భావనను ప్రచారంలోకి తెచ్చిన శస్త్రవైద్యుడు ఆర్. ఆడమ్స్ కౌలీ మేరీలాండ్‌లో పనిచేసినవాడే.

మన రాష్ట్రం వేరే దారి పట్టింది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 సేవ రోడ్డును నమ్ముకుంది. నా దృష్టిలో అది సరైన ఎంపిక. అదే డబ్బుతో కొద్దిమందిని ఎగరేయడం కన్నా ఎక్కువమందిని నేలమీద చేర్చగలిగాం. అయితే రోడ్డు ఆగిన చోట 108 కూడా ఆగింది. 2018లో గిరిజన ప్రాంతాలకు బైక్ అంబులెన్సులు వచ్చింది ఈ లోటు పూడ్చడానికే.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. విశాఖలో హెలికాప్టర్ సిద్ధంగా ఉందనుకోండి. బయలుదేరడానికి పది, పదిహేను నిమిషాలు, రాజాం చేరడానికి అరగంట, రోగిని ఎక్కించడానికి పావుగంట, తిరిగి వెళ్ళడానికి మరో అరగంట. మొత్తం గంటన్నర. రోడ్డు మీద రెండు, రెండున్నర గంటలు. అంటే మిగిలేది గంట, ఒక్కోసారి అంతకన్నా తక్కువ. తలకు గాయమై లోపల రక్తం కారుతున్నవారికి ఆ గంట ప్రాణం. పక్షవాతంలో గడ్డను కరిగించే మందు నాలుగున్నర గంటల లోపు పడాలి కనుక అక్కడా విలువైనదే. కాలు విరిగినవారికి ఆ గంటతో పెద్దగా ఒరిగేదేమీ లేదు. పాము కరిచినవారికి కావలసింది దగ్గరి ఆసుపత్రిలో విషహర ఇంజెక్షను. అక్కడ మందు ఉంచకుండా ఆకాశం వైపు చూడడం పొరపాటు. కొండమీది పల్లెలో చదునైన నేల లేకపోతే హెలికాప్టర్ దిగేచోటికి కూడా డోలీలోనే రావాలి.

భద్రత సంగతి మనకు పుస్తకాల ద్వారా తెలిసింది కాదు. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి కైకలూరు వద్ద హెలికాప్టర్ ప్రమాదంలో మరణించారు. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న బెల్ 430 నల్లమలలో కూలి ఐదుగురు చనిపోయారు. శకలాలు మర్నాటికి గాని దొరకలేదు. యంత్రంలోని ఒక లోపం మీద సిబ్బంది దృష్టి మళ్ళడం, ప్రతికూల వాతావరణం రెండూ దర్యాప్తులో ప్రస్తావనకు వచ్చాయి. అంతటి ప్రముఖుల ప్రయాణంలోనే ఇలా జరిగితే, వానలో, చీకటిలో, అలవాటులేని పొలంలో దిగవలసిన వైద్య హెలికాప్టర్ మాటేమిటి? అమెరికాలో 2002 జనవరి నుంచి 2005 జనవరి వరకు వైద్య విమానాలు, హెలికాప్టర్లకు 55 ప్రమాదాలు జరిగి 54 మంది మరణించారు. ఆ అనుభవం నుంచి బలపడిన ఒక పద్ధతి నాకు బాగా నచ్చింది: వెళ్ళాలా వద్దా అని నిర్ణయించే పైలట్‌కు రోగి ఎవరో, స్థితి ఏమిటో చెప్పరు. వాతావరణం మాత్రమే చెబుతారు. పసిపిల్ల అని తెలిస్తే మనసు మబ్బులను కూడా లెక్కచేయదు.

మన దేశంలో ఋషికేశ్ ఎయిమ్స్ 'సంజీవని' హెలికాప్టర్ సేవ 2024 అక్టోబరు 29న ప్రారంభమైంది. 2025 మే 17న రోగిని తీసుకురావడానికి వెళ్ళిన ఆ హెలికాప్టరే కేదార్‌నాథ్‌లో దిగుతుండగా తోకభాగం దెబ్బతింది. అందులోని వారు క్షేమంగా బయటపడ్డారు.

నేలమీద ఉండేవారికీ బాధ్యత ఉంది. ఎన్నికల సభలకు హెలికాప్టర్ వస్తే మనవాళ్ళు ఎలా ఎగబడతారో మీరు చూసే ఉంటారు. వైద్య హెలికాప్టర్ దిగేచోట అలా కుదరదు. సుమారు ముప్పై మీటర్ల పొడవు, వెడల్పు గల గట్టి నేల, దగ్గరలో కరెంటు తీగలు లేకుండా చూడాలి. తాటాకులు, టార్పాలిన్లు తీసేయాలి. పైలట్ సైగ చేశాకే, ఆయనకు కనబడేలా ముందువైపు నుంచి వెళ్ళాలి. తోకవైపు తిరిగే చిన్న రెక్క కంటికి ఆనదు, మనిషిని చంపుతుంది. ఏటవాలులో పల్లం వైపు నుంచే చేరాలి.

ఇక ఉత్తరాంధ్ర కొండల్లో డోలీ ఎక్కేవారిలో గర్భిణులు ఎక్కువగా కనిపిస్తారు. ప్రసవం తేదీ దాదాపు ముందే తెలుస్తుంది. సాలూరులో గిరిజన గర్భిణుల కోసం వసతిగృహం ఏర్పాటు చేసినది ఈ ఆలోచనతోనే: నెలలు నిండకముందే కొండ దిగి, ఆసుపత్రికి దగ్గరగా ఉండి, ప్రసవమయ్యాక బిడ్డతో తిరిగి వెళతారు.

అభ్యాసం: మీ ఊరి నుంచి శస్త్రచికిత్స సౌకర్యమున్న ఆసుపత్రికి చేరడానికి పట్టే సమయాన్ని పగలు, రాత్రి, వానాకాలం విడివిడిగా లెక్కించి, ఏ దశలో ఆలస్యం ఎక్కువో ఒక పుటలో రాయండి.