కుంకుడు నురగ - మన చరిత్ర

షాంపూ చరిత్రను చాలామంది కంపెనీల దగ్గర మొదలుపెడతారు. మనం చెట్టు దగ్గర మొదలుపెడదాం.

కుంకుడుకాయను రాతితో కొట్టి, గింజ తీసేసి, తొక్కను నానబెట్టి పిసుకుతాం. శీకాయ ముళ్ల తీగ. దాని కాయలను ఎండబెట్టి దంచుతాం. రెండింటిలోనూ సపోనిన్ అనే పదార్థం ఉంది. దాని అణువులో ఒక కొస నూనెను, మరో కొస నీటిని పట్టుకుంటాయి. అందుకే జిడ్డు నీటితోపాటు పోతుంది. మన అవ్వలకు ఈ పేరు తెలియదు, పని తెలుసు. కుంకుడు ఎక్కువైతే జుట్టు పీచులా తయారవుతుందని, మందారాకు కలిపితే మెత్తగా ఉంటుందని వాడి చూసి తెలుసుకున్నారు. అదీ పరీక్షే. కాకపోతే ఎవరూ రాసి పెట్టలేదు.

షాంపూ అన్న మాట కూడా మన దేశం నుంచి వెళ్లిందే. హిందీలో ‘చాంపో’ అంటే ఒత్తు, మర్దన చెయ్యి అని అర్థం. పాట్నాలో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్ 19వ శతాబ్దం తొలి రోజుల్లో ఇంగ్లండులోని బ్రైటన్‌లో స్నానశాల నడిపి ఆ మాటకు పేరు తెచ్చాడు. తలస్నానం అన్న అర్థం తర్వాత వచ్చింది. 1930ల నుంచి రసాయన డిటర్జెంట్ల షాంపూలు బజారుకొచ్చాయి.

ఈలోగా అడవి మన చేయి దాటింది. 1882 మద్రాసు అటవీ చట్టంతో అడవులను రిజర్వు చేసే అధికారం సర్కారుకు వచ్చింది. మనం ఏరుకునే కాయా పండూ ‘చిన్నతరహా అటవీ ఉత్పత్తులు’ అయ్యాయి. సంతలో షావుకారు చెప్పిందే ధర, అతను కొలిచిందే కొలత. ఆ దోపిడీని ఆపడానికే 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. 2006 అటవీ హక్కుల చట్టం ఈ ఉత్పత్తులపై మనకు యాజమాన్య హక్కు ఇచ్చింది.

హక్కు వచ్చినా కాయ మాత్రం ఇంకా గోనెసంచిలోనే కొండ దిగుతోంది. చిన్న షాంపూ ప్యాకెట్లు మన సంతల దాకా వచ్చాయి. కొన్నిటి మీద శీకాయ బొమ్మ ఉంటుంది. మనం కిలోల్లో అమ్మిన కాయ పేరునే చెంచాడు ద్రవంలో తిరిగి కొంటున్నాం.

ఈ తేడా ఎక్కడ పుడుతోంది? తయారీలో, పరీక్షలో. ప్రయోగశాలలో షాంపూ ఆమ్ల గుణం చూస్తారు. నురగ ఎంత ఎత్తు లేచింది, ఎంతసేపు నిలిచింది కొలుస్తారు. నూనె రాసిన జుట్టు పాయను కడగకముందు, కడిగాక తూచి ఎంత జిడ్డు పోయిందో లెక్కిస్తారు. నురగ ఎక్కువైనంత మాత్రాన శుభ్రత ఎక్కువని కాదు. ఇంట్లో తీసిన కుంకుడు రసం ఒకటి రెండు రోజుల్లోనే పులిసిపోతుంది. సీసాలో నిలవాలంటే అదనంగా ఏదో కలపాలి. ‘మూలికలది’ అన్న ఒక్క మాటతో హాని లేదని తేలిపోదు.

ఇందులో మొదటి మెట్టు మన బడిలోనే వేయవచ్చు. రెండు ఒకేలాంటి సీసాలు, సమానంగా నీళ్లు, సమానంగా పొడి. ఒకదాంట్లో కుంకుడు, ఇంకోదాంట్లో శీకాయ. ఒకే లెక్కన కుదిపి, నురగను స్కేలుతో కొలిచి, గడియారం చూసి పిల్లల చేత రాయించాలి. ఏ ఊరి చెట్టు, ఏ నెలలో కోసిన కాయ, ఏ అవ్వ చెప్పిన పాళ్లు అన్నదీ ఆ పుస్తకంలో ఉండాలి. రాసి ఉంచిన జ్ఞానాన్ని మనదని చూపించగలం. రాయని జ్ఞానాన్ని రేపు ఎవరైనా తమదని చెప్పుకుంటే, మన చేతిలో కాగితం ఉండదు.