నర్సు కావాలంటే ఏం చదివి ఉండాలి? ప్రవేశ అర్హతల చరిత్ర

మద్రాసు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో 1871లో నర్సింగ్ పాఠశాల మొదలైంది. ఆరు నెలల ప్రసూతి శిక్షణ, చేరినవారు నలుగురు. ఈనాడు బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ల డిగ్రీ. అందులో చేరాలంటే ఇంటర్ బైపీసీ చదివి, ప్రవేశ పరీక్ష రాసి, కౌన్సెలింగులో సీటు తెచ్చుకోవాలి. ఈ రెండు కాలాల నడుమ నర్సింగ్ విద్యను నడిపినవాళ్లందరికీ పదేపదే ఎదురైన ప్రశ్న ఒకటుంది: నర్సు కావడానికి వచ్చే అమ్మాయి అప్పటికే ఎంత చదివి ఉండాలి? ఒక్కో తరం దానికి ఒక్కో జవాబు చెప్పింది. ఆ జవాబుల్లో నర్సు పనికి సమాజం ఇచ్చిన విలువ కనిపిస్తుంది. ఆయా కాలాల్లో ఆడపిల్లల చదువు ఎంతవరకు వచ్చిందో కూడా వాటి వల్లే తెలుస్తుంది.

పాఠశాలకు ముందు

పందొమ్మిదో శతాబ్దం సగం గడిచేదాకా మన దేశంలో రోగికి సేవ చేయడం ఇంట్లో ఆడవాళ్ల పని, పురుడు పోయడం మంత్రసాని పని. మంత్రసాని విద్య తల్లి నుంచి కూతురికి, అత్త నుంచి కోడలికి చేతి పనిగానే అందేది. ఆసుపత్రి అనేది చాలాకాలం సైన్యానికి సంబంధించిన ఏర్పాటు. ఈస్టిండియా కంపెనీ 1664లో మద్రాసు కోటలో తన సైనికుల కోసం ఆసుపత్రి పెట్టింది. అటువంటి సైనిక ఆసుపత్రుల్లో రోగుల్ని కనిపెట్టుకుని ఉన్నది ఎక్కువగా శిక్షణ లేని మగ పనివాళ్లే.

లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఫ్లోరెన్స్ నైటింగేల్ 1860లో నర్సుల శిక్షణ పాఠశాల నెలకొల్పింది. నర్సింగ్ ఒక పద్ధతి ప్రకారం నేర్చుకోవలసిన విద్య అన్న భావన అక్కడి నుంచే లోకమంతా పాకింది. ఆమె ఎన్నడూ భారతదేశానికి రాలేదు. అయినా ఇక్కడి సైనిక శిబిరాల పారిశుద్ధ్యం గురించి ఏళ్ల తరబడి నివేదికలు చదివింది, లేఖలు రాసింది. భారతీయ ఆసుపత్రులలో నర్సింగ్ ఎలా ఉండాలో 1865లో సూచనలు కూడా తయారుచేసింది. 1888లో పదిమంది శిక్షణ పొందిన నర్సులు ఇంగ్లాండు నుంచి బొంబాయిలో దిగారు. వాళ్లు వచ్చింది బ్రిటిష్ సైనికుల సేవకు. ఊళ్లలోని ఆడవాళ్లకు అందుబాటులోకి వచ్చినవి ప్రసూతి శిక్షణలు. మద్రాసులో 1854లోనే మంత్రసానుల శిక్షణకు ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. 1885లో ఏర్పడిన డఫరిన్ నిధి మహిళా వైద్యులకు, నర్సులకు, మంత్రసానులకు చదువు చెప్పించే పని తలకెత్తుకుంది.

శిక్షణ దొరికినా చేరేవాళ్లు దొరకడం కష్టమైంది. నెత్తురు, చీము, మలమూత్రాలు ముట్టుకునే పనిని అంటుగా చూసేవారు. పరాయి మగవాళ్లను తాకాలి, రాత్రిపూట ఇల్లు విడిచి ఉండాలి. బాల్యవివాహాల కాలం కావడంతో శిక్షణకు తగిన వయసు వచ్చేసరికే అమ్మాయి అత్తవారింట ఉండేది. చదువున్న కుటుంబాలు తమ ఆడపిల్లల్ని పంపలేదు. రావడానికి సిద్ధపడినవాళ్లకు బడి ముఖం చూసే అవకాశం రాలేదు.

మిషన్ ఆసుపత్రుల విద్యార్థినులు

ఈ చిక్కును మొదట కొంతవరకు విప్పినవి క్రైస్తవ మిషన్ ఆసుపత్రులు. అమెరికన్ లూథరన్ వైద్యురాలు అన్నా కూగ్లర్ 1883లో గుంటూరుకు వచ్చింది. ఆమె కృషితో 1898లో అక్కడ ఆసుపత్రి వెలిసింది. నెల్లూరు, పిఠాపురం, జమ్మలమడుగు, మెదక్ వంటి చోట్ల కూడా మిషన్ ఆసుపత్రులు లేచాయి. వేలూరులో ఐడా స్కడ్డర్ 1909లో నర్సుల పాఠశాల ప్రారంభించింది. మిషన్లకు ఆసుపత్రులతో పాటు ఆడపిల్లల వసతి బడులు కూడా ఉండేవి. నాలుగు అక్షరాలు వచ్చిన అమ్మాయిలు, అందులోనూ పేద క్రైస్తవ కుటుంబాల పిల్లలు, అనాథలు, వితంతువులు ఆ బడుల నుంచే వార్డుల్లోకి వచ్చారు. వారిలో చాలామంది దళిత కుటుంబాలవారు. ఊరు అంటు అన్న పనిని చదువుగా, జీవనోపాధిగా మార్చుకుని ఈ వృత్తికి తెలుగునాట పునాది వేసింది ఈ స్త్రీలే.

అప్పటి ప్రవేశ అర్హత ఏమిటో వాళ్లు చేసిన పనిని చూస్తే అర్థమవుతుంది. మందు సీసా మీది చీటీ చదవాలి. గడియారం ముల్లు చూస్తూ నాడి లెక్కపెట్టాలి. జ్వరం పట్టీలో గళ్ల మధ్య చుక్కలు పెట్టి గీతతో కలపాలి. ఔన్సులూ డ్రాములూ తప్పకుండా కొలవాలి. ఈ నాలుగు పనులకు సరిపడా చదవడం, రాయడం, లెక్కలు వస్తే వార్డులోకి తీసుకునేవారు. మిగతాదంతా చేస్తూ నేర్చుకోవడమే. పగలు డ్యూటీ, రాత్రి డ్యూటీ పోగా మిగిలిన వేళల్లో పాఠాలు. విద్యార్థిని అనే పేరే గాని వార్డు నడిచేది ఆమె చాకిరీ మీద. చదువుతో పాటు మరో షరతు కూడా ఉండేది: పెళ్లి కాకూడదు, లేదా వితంతువై ఉండాలి. హాస్టల్లో ఉండి, పిలిచినప్పుడు డ్యూటీకి రావాలి కనుక కాపురం, ఈ పని రెండూ పొసగవని అప్పటివారు భావించారు.

ఆసుపత్రికో పద్ధతి ఉండటంతో ఒకచోట నేర్చుకున్న నర్సుకు మరోచోట గుర్తింపు ఉండేది కాదు. దీనిని సరిచేయడానికి నర్సులే పూనుకున్నారు. 1908లో భారత శిక్షిత నర్సుల సంఘం ఏర్పడింది, 1910లో ఆ సంఘం పత్రిక మొదలైంది. మిషన్ ఆసుపత్రులు ప్రాంతాలవారీగా పరీక్షా బోర్డులు పెట్టుకున్నాయి. 1926లో మద్రాసు నర్సులు, మంత్రసానుల చట్టం వచ్చింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం కాబట్టి అక్కడి నర్సులకూ రిజిస్ట్రేషన్ వర్తించింది. రిజిస్టరులో పేరు ఎక్కాలంటే గుర్తింపు పొందిన శిక్షణ, పరీక్ష తప్పనిసరి. దీంతో శిక్షణకు ముందు ఎంత చదివి ఉండాలన్నది ఆసుపత్రి సూపరింటెండెంటు ఇష్టానికి వదిలేసే విషయం కాకుండా పోయింది.

1946: విశ్వవిద్యాలయంలో నర్సింగ్

రెండో ప్రపంచ యుద్ధంలో నర్సుల కొరత ఎంతటిదో బయటపడింది. 1942లో సహాయక నర్సుల దళం పెట్టి తక్కువ వ్యవధి శిక్షణతో పని గడపవలసి వచ్చింది. పాఠాలు చెప్పేవాళ్లు, వార్డుల్ని నడిపించేవాళ్లు కూడా చాలరని తేలి, 1943లో ఢిల్లీలో నర్సింగ్ పరిపాలన పాఠశాల తెరిచారు. దేశంలో ఆరోగ్య పరిస్థితిని పరిశీలించడానికి అదే ఏడాది నియమించిన భోర్ కమిటీ 1946లో నివేదిక ఇచ్చింది. దేశంలో 43,000 మందికి ఒక నర్సు ఉన్నదని, బ్రిటన్‌లో 300 మందికి ఒకరున్నారని అందులో లెక్క చెప్పింది. తక్కువ చదువున్నవారికి ఒక స్థాయి, మెట్రిక్ చదివినవారికి మరో స్థాయి శిక్షణ ఉండాలని, వాటికి పైన విశ్వవిద్యాలయ డిగ్రీ ఉండాలని సూచించింది.

ఆ 1946లోనే రెండు కళాశాలలు డిగ్రీ చదువు మొదలుపెట్టాయి. ఒకటి ఢిల్లీ విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఏర్పడిన నర్సింగ్ కళాశాల. మార్గరెట్టా క్రెయిగ్ దాని తొలి ప్రిన్సిపాలు. స్వతంత్ర భారత తొలి ఆరోగ్య మంత్రి రాజకుమారి అమృత్ కౌర్ పేరును తర్వాతి కాలంలో దానికి పెట్టారు. రెండోది మద్రాసు విశ్వవిద్యాలయం కింద వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో వచ్చింది. దీంతో ప్రవేశ అర్హత స్వభావమే మారిపోయింది. వార్డులో పనికి ఈ అమ్మాయి సరిపోతుందా అని ఆసుపత్రి చూసేది. కళాశాలలో చేరడానికి తగిన పాఠశాల చదువు పూర్తయిందా అని విశ్వవిద్యాలయం చూస్తుంది. శరీర నిర్మాణం, రసాయన శాస్త్రం, మనస్తత్వ శాస్త్రం, ప్రజారోగ్యం పాఠ్యాంశాలయ్యాయి. వార్డు డ్యూటీ ఆ పాఠాలకు అభ్యాసంగా మారింది. ఊరికి వెళ్లి బావి నీళ్లు, బాలింతల ఆహారం, పసిపిల్లల బరువు చూడటం కూడా చదువులో భాగమైంది.

అయితే మొదటి పాతికేళ్లు డిగ్రీ చదివిన నర్సులు చాలా తక్కువ. వారిలో ఎక్కువమంది బోధనకూ పర్యవేక్షణకూ వెళ్లారు. రోగి మంచం పక్కన ఉన్నది డిప్లొమా నర్సే.

కొరత ఒకవైపు, అర్హత ఒకవైపు

భారత నర్సింగ్ కౌన్సిల్ చట్టం 1947 డిసెంబరు 31న వచ్చింది. దేశమంతటికీ ఒకే ప్రమాణం పెట్టడం కౌన్సిల్ బాధ్యత. ఆ బాధ్యతకు అడ్డం పడింది కొరతే. అర్హత పెంచితే చేరేవాళ్లు తగ్గుతారు, తగ్గిస్తే రోగి భద్రత దెబ్బతింటుంది. అందుకని మెట్లు కట్టారు. 1951లో పంజాబులోని తరన్ తారన్‌లో ఏఎన్ఎమ్ (సహాయక నర్సు, మిడ్‌వైఫ్) కోర్సు ప్రారంభమైంది. హైస్కూలు పూర్తిచేయని అమ్మాయిలకు కూడా అందులో చోటు దొరికింది. 1961లో ఆరోగ్య సేవలను సమీక్షించిన ముదలియార్ కమిటీ ఈ మెట్లను స్పష్టంచేసింది: డిప్లొమాకు మెట్రిక్, డిగ్రీకి హయ్యర్ సెకండరీ లేదా పీయూసీ. డిగ్రీ బోధన ఇంగ్లీషులోనే ఉండాలని కూడా చెప్పింది.

కొరత తీరాలంటే అర్హతను దించడం కాదు, ఆడవాళ్లను ఆ అర్హత దాకా చదివించాలి అన్న మార్గం చూపినవారు సంఘ సేవకురాలు దుర్గాబాయి దేశ్‌ముఖ్. చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీలను తక్కువ కాలంలో మెట్రిక్ పరీక్షకు తయారుచేసే పని ఆమె ఆంధ్ర మహిళా సభలో అంతకుముందే చేసి చూపించారు. కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి అధ్యక్షురాలిగా 1958లో వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యా కోర్సులను దేశవ్యాప్తం చేశారు. గ్రామసేవిక, టీచరు, నర్సు, మిడ్‌వైఫ్ శిక్షణలకు కావలసిన కనీస చదువు వీటి ద్వారా వేలమంది వితంతువులకు, భర్త వదిలేసిన స్త్రీలకు అందింది. నర్సింగ్ విద్య చరిత్రలో ఈ ప్రయత్నానికి రావలసినంత పేరు రాలేదు.

తెలుగు ప్రాంతంలో డిగ్రీ చదువుకు హైదరాబాదులోని ప్రభుత్వ నర్సింగ్ కళాశాల 1950ల చివర దారి వేసింది. అయినా ఆ దారిలో జనం పెరగడానికి మరో మార్పు రావలసి వచ్చింది. 1971లో ఇంటర్మీడియట్ బోర్డు ఏర్పడింది, జూనియర్ కళాశాలలు చిన్న పట్టణాలకూ వచ్చాయి. సైన్సు చదివిన గ్రామీణ బాలికలు దొరకడం ఆ తర్వాతే మొదలైంది. సరోజినీ వరదప్పన్ అధ్యక్షతన 1987లో నర్సింగ్‌పై నియమించిన ఉన్నతాధికార కమిటీ పన్నెండేళ్ల పాఠశాల చదువు ఉండాలని, డిగ్రీయే నర్సింగ్‌కు ప్రధాన మార్గం కావాలని గట్టిగా చెప్పగలిగిందంటే ఆ బాలికలు అప్పటికి తయారై ఉండటమే కారణం. 1986లో విజయవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయం వెలిసి, నర్సింగ్ డిగ్రీలు వైద్య డిగ్రీలతో పాటు ఒకే గొడుగు కిందికి వచ్చాయి. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణ కోసం వరంగల్లులో కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం ఏర్పడింది. విదేశాల్లో నర్సులకు గిరాకీ పెరగడం, ప్రైవేటు కళాశాలలు విస్తరించడం కలిసి డిగ్రీని మధ్యతరగతి ఇళ్లకు కూడా చేర్చాయి.

నేటి నిబంధనలు

భారత నర్సింగ్ కౌన్సిల్ 2021లో ప్రకటించిన నిబంధనల ప్రకారం బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు, ఎనిమిది సెమిస్టర్లు. చేరే సంవత్సరం డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండాలి. ఇంటర్‌లో భౌతిక, రసాయన, జీవ శాస్త్రాలు, ఇంగ్లీషు చదివి 45 శాతం మార్కులు తెచ్చుకోవాలి. ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం చాలు. ఆరోగ్యంగా ఉన్నట్లు వైద్య ధ్రువపత్రం ఉండాలి. ఎంపిక ప్రవేశ పరీక్ష ద్వారా జరగాలి. ఆ పరీక్షలో మూడు సైన్సులు, ఇంగ్లీషుతో పాటు నర్సింగ్ పట్ల అభిరుచిని అంచనా కట్టే భాగం కూడా ఉండాలని కౌన్సిల్ సూచించింది. కొన్ని సంస్థలు ఇంకా ఎక్కువ అడుగుతాయి: ఎయిమ్స్ బీఎస్సీ ఆనర్స్‌కు 55 శాతం మార్కులు, సొంత ప్రవేశ పరీక్ష ఉన్నాయి. సైనిక నర్సింగ్ కళాశాలలకు నీట్ రాయాలి.

పాత షరతుల్లో ఒకటి మాత్రం సైనిక నర్సింగ్‌లో చాలాకాలం నిలిచింది. పెళ్లి చేసుకున్నదన్న కారణంతో ఒక నర్సింగ్ అధికారిణిని సర్వీసు నుంచి తొలగించడం వివక్ష అనీ, చట్టం ముందు నిలవదనీ సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. వార్డు చాకిరీ కాలంలో పుట్టిన ఆలోచన ఎంతకాలం బతికిందో దీన్నిబట్టి తెలుస్తుంది.

సీటు వచ్చాక మొదటి రెండు సెమిస్టర్లలో నర్సింగ్ మూలసూత్రాలు నేర్పుతారు. చేతులు కడుక్కునే వరస, రోగి పడుకుని ఉండగానే ముడత పడకుండా దుప్పటి మార్చే పద్ధతి, నాడి, శ్వాస, రక్తపోటు చూసి రాయడం ల్యాబులో బొమ్మ మీద చేసి చూపించాకే వార్డుకు పంపుతారు. థియరీకి 80 శాతం హాజరు ఉంటే పరీక్షకు కూర్చోవచ్చు. క్లినికల్ గంటలు మాత్రం నూటికి నూరూ పూర్తికానిదే డిగ్రీ ఇవ్వరు. చేతి విద్యను ఈ డిగ్రీ వదులుకోలేదనడానికి ఈ ఒక్క నియమం చాలు. చివరి సెమిస్టరు ఇంటర్న్‌షిప్.

ఇంటర్‌లో సైన్సు తీసుకోనివారికి జీఎన్ఎమ్ (జనరల్ నర్సింగ్, మిడ్‌వైఫరీ) డిప్లొమా ఉంది. ఏ గ్రూపు చదివినా 40 శాతం మార్కులతో అందులో చేరవచ్చు. రిజిస్టరయిన జీఎన్ఎమ్ నర్సు రెండేళ్ల పోస్ట్ బేసిక్ కోర్సుతో డిగ్రీ పొందవచ్చు, ఆపై ఎమ్మెస్సీ చదవవచ్చు. 2023లో పార్లమెంటు 1947 నాటి కౌన్సిల్ చట్టం స్థానంలో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేసింది. అదే ఏడాది కేంద్రం వైద్య కళాశాలల పక్కనే 157 కొత్త నర్సింగ్ కళాశాలలు పెట్టాలని నిర్ణయించింది. ఒకప్పుడు మెట్రిక్ చదివిన అమ్మాయి దొరకడమే గగనమైన ఈ వృత్తికి ఇప్పుడు ఇంటర్ బైపీసీ చదివినవారిలో పోటీ పడి సీటు తెచ్చుకునేవారున్నారు. ఈ మార్పు నర్సింగ్ కౌన్సిళ్ల నిబంధనల వల్ల ఎంత వచ్చిందో, పల్లెల్లో ఆడపిల్లల్ని కళాశాల దాకా పంపిన తల్లిదండ్రుల వల్ల కూడా అంతే వచ్చింది.