ఎండోస్కోపిక్ శస్త్రచికిత్సలో దృష్టిక్షేత్రం: కొవ్వొత్తి నుంచి రోబో దాకా

1. ఉపోద్ఘాతం

పెద్ద కోతతో చేసే శస్త్రచికిత్సలో వైద్యునికి అవయవంతోపాటు దాని పరిసరాలూ కనిపిస్తాయి. ఎండోస్కోపిక్ శస్త్రచికిత్సలో సన్నని గొట్టం చూపినంత మేరే కనిపిస్తుంది. ఆ మేరనే దృష్టిక్షేత్రం అంటారు. దానికి వెలుపల ఉన్న పరికరం పేగుకో రక్తనాళానికో తగిలి గాయమైనా వెంటనే తెలియకపోవచ్చు. కనుక దృష్టిక్షేత్ర విస్తరణ రోగి భద్రతతో ముడిపడిన విషయం. కటకాల సమస్యగా మొదలైన ఈ విస్తరణ, చూపును ఎవరు నడపాలన్న సమస్యగా ఎలా పరిణమించిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

2. కాంతి, కటకాలు

19వ శతాబ్ది తొలి దశకంలో జర్మనీ వైద్యుడు ఫిలిప్ బొజ్జీని కొవ్వొత్తి వెలుగును అద్దం సాయంతో శరీర రంధ్రాల్లోకి పంపే పరికరాన్ని రూపొందించాడు. ఆ వెలుగు చాలేది కాదు. గొట్టం కొసన కనిపించే భాగమూ స్వల్పమే. 1879లో మాక్స్ నిట్జె తన మూత్రాశయదర్శినిలో దీపాన్ని గొట్టం కొసకే చేర్చి, లోపల కటకాలు అమర్చి దృష్టిక్షేత్రాన్ని విశాలం చేశాడు. అయితే పలుచని కటకాల మధ్య గాలి ఉండే ఆ అమరికలో కాంతి చాలావరకు నష్టమయ్యేది. 1954లో హెరాల్డ్ హాప్కిన్స్, భారత సంతతికి చెందిన నరీందర్ సింగ్ కపానీ గాజు తంతువుల కట్టతో ప్రతిబింబాన్ని ప్రసారం చేసి చూపారు. 1959లో హాప్కిన్స్ పాత అమరికను తలకిందులు చేసి, గాలి ఉన్నచోట గాజు కడ్డీలను నింపాడు. దానితో సన్నని గొట్టంలోనే ఎక్కువ వెలుగూ విశాలమైన స్పష్టమైన దృశ్యమూ సాధ్యమయ్యాయి.

3. చూపును నడిపే చేయి

1985లో ఎరిక్ మ్యూహె లాపరోస్కోపీ పద్ధతిలో పిత్తాశయాన్ని తొలగించాడు. వీడియో కెమెరా రాకతో బృందమంతా తెర మీద దృశ్యాన్ని చూడగలిగింది. కానీ కెమెరా సహాయకుని చేతిలో ఉండేది. చేయి వణికితే దృశ్యమూ వణికేది. 1990ల్లో ‘ఈసాప్’ అనే యాంత్రిక హస్తం ఆ బాధ్యతను స్వీకరించింది. 2000లో అమెరికాలో అనుమతి పొందిన డా విన్సీ వ్యవస్థ రెండు కళ్ళకూ వేర్వేరు దృశ్యాలను అందించి లోతును చూపింది. కెమెరాను నడిపే అధికారాన్ని శస్త్రవైద్యునికే అప్పగించింది.

4. ముగింపు

కెమెరా దగ్గరైతే సూక్ష్మాంశాలు పెద్దవవుతాయి, కనిపించే మేర కుంచించుకుపోతుంది. దూరమైతే మేర పెరిగి వివరం తగ్గుతుంది. ఈ వైరుధ్యాన్ని రోబో కూడా తొలగించలేదు. పైగా రోబోతో పనిచేసే వైద్యునికి స్పర్శజ్ఞానం పరిమితం కావడంతో కంటి మీద భారం పెరిగింది. కాబట్టి దృష్టిక్షేత్ర వికాసాన్ని కోణాల కొలతతో మాత్రమే అంచనా వేయడం చాలదు. తెర దాటిపోయిన పరికరం ఎంత త్వరగా వైద్యుని దృష్టికి వస్తుందన్నదీ ప్రమాణం కావాలి.