పికప్ బండికి పవర్ స్టీరింగు ఆయిలు మార్చుట: ఇంటివద్ద చేసుకొనే విధానం

పొలసర పరిసర గ్రామాలలో పికప్ బండి అనేక కుటుంబాలకు జీవనాధారం. కూరగాయలు, ధాన్యం, పెళ్లి సామాను, అవసరమైతే రోగి కూడా ఆ బండిలోనే ఆస్కాకో, బరంపురానికో చేరవలసి ఉంటుంది. ఇంజను ఆయిలు, టైర్ల గాలి సంగతి అందరూ చూసుకొంటారు. స్టీరింగుకు కూడా ఆయిలు ఉన్నదన్న సంగతి, అది బిగుసుకొన్న నాడు గాని గుర్తుకు రాదు. ఈ పనిని ఇద్దరు మనుషులు రెండు మూడు గంటలలో ఇంటి ముంగిట చేసుకొనవచ్చును.

పని చేసే తీరు

ఇంజను బెల్టుతో తిరిగే చిన్న పంపు ఆయిలును ఒత్తిడితో స్టీరింగు బాక్సులోనికి నెట్టుతుంది. ఆ ఒత్తిడే చక్రాలను త్రిప్పుటకు మన చేతికి సాయపడుతుంది. అమెరికా ఇంజనీరు ఫ్రాన్సిస్ డేవిస్ 1926లో దీనిని రూపొందించగా, 1951లో క్రైస్లర్ కంపెనీ కార్లలో అమ్మకానికి వచ్చింది. ఆయిలు తగ్గినచో, లేక బెల్టు తెగినచో స్టీరింగు పూర్తిగా తెగిపోదు గాని మిక్కిలి బరువెక్కుతుంది. సరుకుతో తప్తపాణి ఘాటు దిగుతున్న బండికి మలుపులో అట్లు జరిగితే ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు.

ముందుగా మీ బండికి ఈ ఆయిలు ఉన్నదో లేదో చూచుకొనవలెను. కొన్ని చిన్న బండ్లకు చేతి బలంతో తిరిగే స్టీరింగే ఉంటుంది. 2019లో వచ్చిన టాటా ఇంట్రా వంటి వాటికి విద్యుత్ మోటారు సాయపడుతుంది. ఈ రెండు రకాలకూ ఆయిలు పని లేదు. బానెట్ క్రింద మూతమీద స్టీరింగు బొమ్మ ఉన్న డబ్బా కనిపిస్తేనే ఈ వ్యాసం మీకు వర్తిస్తుంది.

ఎప్పుడు మార్చవలెను

బండితో ఇచ్చిన పుస్తకంలోని లెక్కే ప్రమాణం. అందులో లేనిచో 50,000 నుంచి 80,000 కిలోమీటర్ల మధ్య మార్చుట మంచిది. ఆయిలు నల్లబడినా, కాలిన వాసన వేసినా అంతవరకు ఆగకూడదు. పాలవలె తెల్లబారితే అందులో నీరు గాని, గాలి గాని చేరినట్లు. 2013 ఫైలిన్, 2018 తిత్లీ తుపానుల వంటి వేళల్లో వరద నీట నిలిచిన బండికి ఈ పరీక్ష తప్పనిసరి.

ఏ ఆయిలు పోయవలెను

డబ్బా మూతమీద గాని, పుస్తకంలో గాని వ్రాసిన రకమే కొనవలెను. చాలా బండ్లకు డెక్స్‌రాన్ అనే గుర్తు గల ఎర్రని ఆయిలు వాడుతారు. దుకాణంలో ఒడియాలో అడిగినా, తెలుగులో అడిగినా చివరకు సీసామీది గుర్తు చూచియే తీసుకొనవలెను. రెండు లీటర్లు దగ్గర ఉంచుకొంటే కడుగుటకు కూడా సరిపోతుంది.

బ్రేకు ఆయిలు ఎన్నడూ ఇందులో పోయరాదు. అది స్టీరింగు లోపలి రబ్బరు సీళ్లను పాడుచేస్తుంది. స్టీరింగు ఆయిలు బ్రేకు డబ్బాలో పడితే ఇంకా ప్రమాదం. అక్కడి రబ్బరు ఉబ్బి, బ్రేకులే పనిచేయకుండా పోవచ్చును. కనుక రెండు సీసాలను ఒకేచోట ఉంచకండి.

మార్చే విధానం

1. బండిని గట్టి సమతల నేలమీద నిలిపి, ఇంజను చల్లారనివ్వండి. హ్యాండ్‌బ్రేకు వేసి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, వెనుక చక్రాలకు ముందు వెనుక దిమ్మలు పెట్టండి. ముందు భాగాన్ని జాకీతో లేపి, ఛాసిస్ క్రింద స్టాండ్లు నిలపండి. జాకీని మాత్రమే నమ్మి బండి క్రిందికి పోరాదు.

2. డబ్బాలోని పాత ఆయిలును పెద్ద సిరంజితో తీసివేయండి. గొట్టం పెట్టి నోటితో పీల్చరాదు.

3. డబ్బాకు సాధారణంగా రెండు గొట్టాలు ఉంటాయి. లావుపాటిది పంపుకు పోయేది. సన్ననిది స్టీరింగు బాక్సునుంచి తిరిగి వచ్చేది. ఈ సన్నని గొట్టాన్ని ఊడదీసి, దాని కొనను ఖాళీ సీసాలో ఉంచండి. డబ్బాకు మిగిలిన రంధ్రాన్ని రబ్బరు బిరడాతో మూయండి.

4. డబ్బాలో కొత్త ఆయిలు పోయండి. ఇంజను ఆపి ఉంచియే, తాళం త్రిప్పి స్టీరింగు లాకు విడిపించి, ఒకరు స్టీరింగును ఈ కొసనుంచి ఆ కొసకు మెల్లగా త్రిప్పవలెను. రెండవవారు డబ్బా ఖాళీ కాకుండా పోస్తూ ఉండవలెను.

5. తరువాత ఇంజనును రెండు మూడు సెకన్లు మాత్రమే నడిపి ఆపండి. డబ్బా మరల నింపి, సీసాలోనికి శుభ్రమైన ఆయిలు వచ్చేవరకు ఇట్లే చేయండి. పంపు వట్టిగా తిరిగితే చెడిపోతుంది.

6. గొట్టాన్ని యథాస్థానంలో బిగించండి. క్లిప్పు వదులైతే కొత్తది వేయండి.

గాలి తీయుట

డబ్బాను గీతవరకు నింపి, ఇంజను ఆపియే స్టీరింగును పదిహేను ఇరవై మారులు రెండు కొసలకూ త్రిప్పండి. ఆయిలు తగ్గితే పోయండి. ఆ పిమ్మట ఇంజను నడిపి మరికొన్ని మారులు త్రిప్పండి. కొసన అయిదు సెకన్లకు మించి పట్టి ఉంచకూడదు. అట్లు చేస్తే ఆయిలు అతిగా వేడెక్కుతుంది. నురగ గాని, గుర్రుమనే చప్పుడు గాని ఉన్నచో గాలి ఇంకా ఉన్నట్లు. ఇంజను ఆపి కొంతసేపు ఆగి మరల చేయండి. చివరకు బండిని దింపి, చల్లని ఇంజనుకు ఒకటి, వేడి ఇంజనుకు ఒకటి చొప్పున ఉన్న గీతలను చూచి మట్టం సరిచేయండి.

ఇంటివద్ద చేయకూడనివి

పంపునుంచి బాక్సుకు పోయే గొట్టంలో ఒత్తిడి చదరపు అంగుళానికి 1000 పౌండ్లు దాటవచ్చును. అక్కడ కారుతున్నదని అనుమానం వస్తే వేలితో తడమరాదు. సన్నని ధార చర్మంలోనికి దూసుకుపోగలదు. అట్ట ముక్క పెట్టి చూచి, మెకానిక్కుకు అప్పగించండి. వేడి సైలెన్సరు గొట్టంమీద పడిన ఆయిలు అంటుకొనవచ్చును. స్టీరింగులో ఆట ఎక్కువైనా, కొత్త ఆయిలు పోసిన తరువాత కూడా మట్టం తగ్గుతున్నా బండిని సరుకుకు పంపక ముందుగా షెడ్డుకు పంపవలెను.

పాత ఆయిలు

వాడిన ఆయిలును కాలువలోనో, పొలం గట్టుమీదనో పారబోయరాదు. అది బావి నీటిని చెరుపుతుంది. 2016 నాటి కేంద్ర నియమాల ప్రకారం వాడిన ఆయిలు ప్రమాదకర వ్యర్థం. మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి, పాత ఆయిలు సేకరించే షెడ్డుకు ఇవ్వండి. దానిని మంచినీళ్ల సీసాలో పోసి ఇంట ఉంచకండి, పిల్లలు పానీయమని భ్రమించే ప్రమాదం కలదు.

మార్చిన తేదీని, కిలోమీటర్ల సంఖ్యను బండి పుస్తకంలో వ్రాసిపెట్టుకొన్నచో, తరువాత ఎవరు నడిపినా లెక్క తప్పదు.