మెట్ట వంటిల్లు: ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల్లో వంట సామగ్రి చరిత్ర

నెల్లూరు జిల్లా పడమటి అంచున వెలిగొండలను ఆనుకొని ఉన్న ఉదయగిరి, దానికి ఆగ్నేయంగా పెన్నకు ఉత్తరాన ఉన్న ఆత్మకూరు, రెండూ వెనుకటి తాలూకా కేంద్రాలు. పెన్న డెల్టాలోని మాగాణికి భిన్నంగా వానను, చెరువును నమ్ముకొన్న నేల కావడం వల్ల ఈ ప్రాంతాన్ని జిల్లావాసులు మెట్ట అని వ్యవహరిస్తారు. ఈ మెట్ట గతానికి ముద్రిత ఆధారాలు తక్కువేమీ కావు. బాస్వెల్ 1873లో వెలువరించిన నెల్లూరు జిల్లా మాన్యువల్, బటర్‌వర్త్, వేణుగోపాల చెట్టి 1905లో మూడు సంపుటాలుగా ప్రచురించిన జిల్లా శాసనాల సంకలనం చేతికందుతూనే ఉన్నాయి. కోటలకు, గుళ్లకు, చెరువులకు, మాన్యాలకు శాసనాలు వేయించినవారు ఉన్నారు గాని, ఇంటి పొయ్యికి శాసనం వేయించినవారు లేరు. అందుచేత వంటింటి చరిత్రను వస్తువుల్లోనూ, వాటిని సంపాదించిన పద్ధతుల్లోనూ వెదకవలసి ఉంటుంది. అలా వెదికినప్పుడు తేలే విషయం ఒకటుంది: మెట్టలో వంటిల్లు ఏ తరంలోనూ ఒక్క విడతలో అమరలేదు. కొంత పుట్టమన్ను, కొంత కళ్లంలో కొలిచిన గింజలు, కొంత పుట్టింటి సారె, కొంత పొదుపు సొమ్ము కలిసి అది మెల్లగా కూడుకొన్నది. ఆ వెల ఎవరి చేతి మీదుగా చెల్లిందో, వంటింటి రూపం ఆ చేతిని బట్టే మారుతూ వచ్చింది.

పాతకాలపు వంటిల్లు నగదు లేకుండానే ఏర్పడేది. పుట్టమన్నును నీళ్లు పోసి నానబెట్టి, అందులో వరిపొట్టో జొన్నచొప్ప తునకలో కలిపి తొక్కి, పేడతో మెత్తగా చేసి, మూడు దిమ్మలుగా నిలిపితే పొయ్యి అయ్యేది. ఒక నోట కట్టె పెట్టి, మంట చివర రెండో గిన్నెకు కూడా తగిలేటట్టు కట్టినదాన్ని జోడుపొయ్యి అనేవారు. అన్నం ముందు ఉడుకుతుండగా పప్పు వెనుక కాగేది కాబట్టి కట్టె ఆదా అయ్యేది. పాలు కాచడానికి దాలి వేరుగా ఉండేది. దాలి అంటే పిడకల నిప్పును బూడిద కప్పి, మంట లేకుండా పగలంతా సన్నని సెగ నిలిపే గుంట. కుండలు, చట్లు కుమ్మరి ఇచ్చేవాడు. అతనికి ఆ పూట డబ్బు ఇచ్చేవారు కాదు, పంట నూర్చిన రోజున కళ్లంలో మేర కొలిచేవారు. ఊరి చేతిపనివారికి ఏడాది పొడుగునా చేసిన పనికి బదులుగా పంటలో ఇచ్చే వాటాకే మేర అని పేరు. రోలు, తిరగలి, సన్నికల్లు రాతిపనివారు చెక్కేవి. వాటిని ఒకసారి తెచ్చుకొంటే రెండు మూడు తరాలు చూసుకోనక్కరలేదు, తిరగలికి మాత్రం అప్పుడప్పుడు గంట్లు కొట్టించాలి. జొన్న, సజ్జ, రాగి తిండికి ఆధారమైన ఇళ్లలో సంగటి కెలకడానికి బలమైన తెడ్డు లేనిదే పొయ్యి వెలిగేది కాదు.

వంటింట్లో అసలు ఖర్చు కట్టె. కొండ దగ్గరగా ఉన్నంతకాలం అది కూలి ఖర్చే గాని కొనుగోలు ఖర్చు కాదు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టంతో కొండల్లో చాలా భాగం రిజర్వు అడవి అయి, కట్టె కొట్టుకోవడం హక్కుగా కాక అనుమతిగా మారింది. ఆ తరువాత కట్టెల మోపు బజారు వస్తువయింది. అడవిని అరచేతిలా ఎరిగిన యానాది గిరిజనులు మోపులు తెచ్చి ఊళ్లలో అమ్మేవారు. మెట్ట స్త్రీల వెన్నుల మీద, ఊపిరితిత్తుల మీద ఈ కట్టె వేసిన భారాన్ని ఏ లెక్కల పుస్తకమూ ఖర్చు కింద చూపలేదు. దాన్ని ఖర్చుగా చూడకపోతే తరువాత వచ్చిన మార్పుల విలువ అర్థం కాదు.

అదే కొండ వంటింటికి కొయ్య చెంచాను కూడా ఇచ్చింది; దాన్ని చెక్కే చేతుల కథ కొండ మీది కోటతో మొదలవుతుంది. ఉదయగిరి దుర్గం గజపతుల చేతిలో ఉండగా 1513లో శ్రీకృష్ణదేవరాయలు ముట్టడించి 1514లో పట్టుకొని, అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని విజయనగరానికి తరలించాడన్నది ప్రసిద్ధమే. ఆ తరువాత కోట గోల్కొండ ఏలుబడిలోకి వెళ్లింది. కొండ మీది మసీదులోని పారసీ శాసనం సుల్తాను అబ్దుల్లాను పేర్కొంటుంది. చివరకు అది నవాబుల కింద జాగీరు అయి, జాగీరుదారు కుట్ర చేశాడన్న ఆరోపణ మీద 1839లో ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం వశమైంది. దర్బారు పోయింది గాని దాని చుట్టూ స్థిరపడిన ముస్లిం కుటుంబాలు పోలేదు. ఉదయగిరి కొయ్య చెంచాల పనిని తరతరాలుగా నిలిపినవి ముఖ్యంగా ఆ కుటుంబాలే.

ఈ పనికి వాడేది టేకు వంటి పెద్ద కలప కాదు. దుర్గం కొండల్లో దొరికే నర్ది, కల్ది, బిక్కి, పాలబరికి, దేవదారి వంటి చిన్న జాతుల చెట్ల కొమ్మలు. కొమ్మను జానెడు, మూరెడు ముక్కలుగా కోసి, చెక్కును బాడిసతో తీసి, ముక్క మీద చెంచా రూపం గీస్తారు. గీత వెంబడి రంపంతో కోసిన తరువాత గుండ్రటి మొన ఉన్న ఉలితో గుంట తొలుస్తారు. ఇక్కడ చేయి ఒక్క వెంట్రుకవాసి బరువైతే గుంట అడుగు పగిలి అప్పటివరకూ పడిన శ్రమ పోతుంది. ఆపైన ఆకురాయితో, గరుకు కాగితంతో అరగదీసి నునుపు చేస్తారు. కాడ మీద సన్నని జాలీ, ఆకులు, చేప వంటివి చెక్కుతారు. రంగు పూయరు కాబట్టి కొయ్య తన రంగులోనే మెరుస్తుంది. గరిటెలు, చెంచాలు, ముళ్ల చెంచాలు, చిన్న గిన్నెలు ఈ విధంగానే తయారవుతాయి. నునుపు చేయడంలోను, నగిషీలోను స్త్రీల చేయి ఎక్కువ. 1999 నాటి చట్టం కింద ఇచ్చే భౌగోళిక గుర్తింపు, అంటే ఒక ఊరి పేరుతో ముడిపడిన వస్తువును ఆ పేరుతో ఇతరులు అమ్ముకోకుండా కాపాడే నమోదు, ఈ వస్తువులకు లభించింది. రాష్ట్ర ప్రభుత్వ హస్తకళల సంస్థ నడిపే లేపాక్షి దుకాణాల్లో ఇవి అమ్ముడవుతున్నాయి.

చెంచా అందం గురించి రాసినవారు దాని వాడుక గురించి చెప్పింది తక్కువ. కొయ్య గరిటెకు మట్టి చట్టి పగలదు, కాడకు వేడి ఎక్కదు, అన్నిటికంటే ముఖ్యంగా ఇత్తడి గిన్నెలోని కళాయి గీచుకుపోదు. కళాయి సంగతి తెలియకపోతే ఇత్తడి కాలపు వంటింటి ఆర్థికం తెలియదు. ఇత్తడిలోని రాగి పులుపుతో కలిస్తే పులుసు చిలుమెక్కి విషమవుతుంది కాబట్టి గిన్నె లోపల తగరం పూత పూయించాలి. కళాయి వేసేవాడు వీధిలో గుంట తవ్వి, బొగ్గులు పోసి, తోలుతిత్తితో ఊదుతూ గిన్నెను బాగా వేడెక్కించి, నవాసాగరం పొడి చల్లేవాడు. తెల్లని పొగ లేచి లోహం శుభ్రపడగానే తగరపు కడ్డీని తాకించి, కరిగిన చుక్కను దూదితో గిన్నె అంతా గుండ్రంగా తుడిచేవాడు. క్షణంలో పసుపు రంగు పోయి వెండిలా తెల్లబడేది. ఆ తెలుపు కొన్ని నెలలే. లోహపు గరిటెతో గీకే ఇంట్లో ఇంకా తొందరగా పోయేది. కళాయికి మళ్లీమళ్లీ డబ్బు ఇచ్చుకోలేని ఇంటికి కొయ్య గరిటె అలంకారం కాదు, పొదుపు.

ఇత్తడి వచ్చేది సారెతో. సారె అంటే పెళ్లయిన ఆడపిల్లతో పుట్టింటివారు పంపే సామాను: బిందె, గుండిగ, చెంబులు, పళ్లేలు, శక్తి ఉంటే గంగాళం. ఉదయగిరి తాలూకాలోని గరిమెనపెంట దగ్గర భూమిలో రాగి ఉన్నదని కంపెనీ కాలం నుంచే తెలిసినా మెట్ట ఇళ్ల ఇత్తడి ఆ గనుల ఫలం కాదు. అది ఆడపిల్ల తండ్రి పంట అమ్మిన సొమ్ము, కొన్నిసార్లు అతని అప్పు. బిందె అంచు మీద చుక్కలు చుక్కలుగా ఇచ్చినవారి పేరో, పుచ్చుకొన్నవారి పేరో, తేదీయో కొట్టించడం ఆచారం. కరువు వచ్చినప్పుడు ముందు తాకట్టుకు వెళ్లేది కూడా ఆ బిందే. 1876-78 కరువు వంటి కాలాల్లో ఇంటి ఇత్తడి ఒక నిలవ ధనం పాత్ర వహించింది. వండుకోవడానికి గింజలు లేనప్పుడు వండే గిన్నె గింజలయ్యేది.

ఇరవయ్యో శతాబ్దంలో అల్యూమినియం, ఆ వెనుక స్టీలు వచ్చి కళాయి పనిని దాదాపు తుడిచిపెట్టాయి. పాత బట్టలకు బదులు స్టీలు గిన్నె ఇచ్చే వీధి వర్తకం వల్ల నగదు లేని ఇంటికి కూడా మెరిసే పళ్లెం చేరింది. కిరసనాయిలు పొయ్యి పట్నపు ఇళ్లలో కొంతకాలం నడిచింది.

వీటికంటే పెద్ద మార్పు రాయితో వచ్చింది. వెలిగొండలకు అవతల కడప జిల్లాలో దొరికే నల్లని పలకరాయి, వ్యవహారంలో కడప రాయి, పలచగా పొరలుపొరలుగా లేస్తుంది కాబట్టి చెక్కే కూలి తక్కువ, నీరు పీల్చదు, చెద పట్టదు. రెండు చిన్న గోడలు లేపి పైన ఈ పలక పరిస్తే గట్టు సిద్ధం. నేల మీద పీట వేసుకొని, మోకాళ్లు ముడుచుకొని వండిన స్త్రీ గట్టు ముందు నిలబడింది. గట్టు ఎత్తు నడుముకు సరిపోవడం, పొయ్యి కిటికీ పక్కకు రావడం, కత్తిపీట స్థానంలో చాకు రావడం ఒకదాని వెంట ఒకటి జరిగాయి. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడి పేదల పక్కా ఇళ్లు పెరిగిన తరువాత కూడా చాలా ఇళ్లలో వంటకు విడి గది దక్కలేదు. వసారా మూలలో ఒక పలక, దాని కింద కట్టెలు, పైన డబ్బాల వరుస, అంతే. అయినా నేల మీది నుంచి గట్టు మీదికి పొయ్యి ఎక్కడం మెట్ట ఇంటి చరిత్రలో చిన్న విషయం కాదు.

పొయ్యిలోని కట్టె మారడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది. ఆ మార్పు వంటింట్లో కాక సారా దుకాణం ముందు మొదలయింది. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం సాగుతుండగా, ఉదయగిరికి తూర్పున కలిగిరి మండలంలోని దూబగుంట స్త్రీలు రాత్రి బడిలో కూర్చొని, మగవారి కూలి సారాకు పోతుంటే ఇంట్లో పొయ్యి ఎట్లా వెలుగుతుందని చర్చించుకొని ఊరిలో సారా అమ్మకాన్ని ఆపించారు. దూబగుంట రోశమ్మ పేరు ఈ పోరాటానికి గుర్తుగా నిలిచింది. జిల్లా అంతా స్త్రీలు సారా వేలాలను అడ్డుకొన్నారు. 1993 ఏప్రిల్‌లో జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం అమలయింది. ఆపైన వచ్చిన మద్యనిషేధం కాలక్రమంలో సడలిపోయినా ఈ పోరాటం వెంట పుట్టిన పొదుపు ఆగలేదు. రోజుకు ఒక్క రూపాయి, నెలకు ముప్పై చొప్పున స్త్రీలు కూడబెట్టే పొదుపు సంఘాలు ఈ జిల్లాలో విస్తరించి, డ్వాక్రా సంఘాలతో కలిసి రాష్ట్రానికి దారి చూపాయి. పొదుపు పుస్తకం మీద ఉన్నది ఆమె పేరు. మేర మగవాడు కొలిచాడు, సారె తండ్రి ఇచ్చాడు. వంటింటికి ఏది కావాలో వండే మనిషే తేల్చుకొని, తన సొమ్ముతో తెచ్చుకొనే వీలు ఇంత విస్తృతంగా కలిగింది ఈ దశలోనే.

1999 జూలైలో మొదలైన దీపం పథకం ఈ సంఘాల మీదనే నిలబడింది. గ్యాసు కనెక్షను డిపాజిట్టు ప్రభుత్వం కట్టగా, పొయ్యి వెల సభ్యురాలు తన పొదుపు నుంచో, సంఘం అప్పు నుంచో పెట్టుకొనేది. కనెక్షను స్త్రీ పేరున వచ్చేది. అయితే సిలిండరు నింపించే డబ్బు ప్రతిసారీ చేతిలో ఉండదు కనుక మెట్ట ఊళ్లలో గట్టు మీద గ్యాసు, పెరట్లో కట్టెల పొయ్యి పక్కపక్కనే ఉండిపోయాయి. నీళ్లు కాచడం, సంగటి, పండుగ వంట కట్టె మీద. టీ, తాలింపు గ్యాసు మీద. 2016లో కేంద్రం పేద ఇళ్ల స్త్రీలకు గ్యాసు కనెక్షన్లిచ్చే ఉజ్జ్వల పథకం తెచ్చింది. 2024 చివర రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా ఇచ్చే దీపం-2ను ప్రారంభించింది. పొయ్యి ఇచ్చినంత మాత్రాన చాలదని, దాన్ని రోజూ వెలిగించే ఖర్చే అసలు ఖర్చని పాలకులు గుర్తించడానికి పాతికేళ్లు పట్టిందన్నమాట.

ఇప్పుడు ఉదయగిరిలోను, ఆత్మకూరులోను కొత్త ఇల్లు కట్టేవారు మాడ్యులర్ కిచెన్ మాట ఎత్తుతున్నారు. కొలత ప్రకారం ముందే చేసిన అరలను, సొరుగులను తెచ్చి గోడకు బిగించే పద్ధతి ఇది. కొత్తదైనా చిన్న బడ్జెట్‌లో దాని అమరిక పాత దారినే నడుస్తున్నది. గట్టుకు గ్రానైటు వేసినా కింద అరలకు కడప పలకలే నిలుపుతారు, ఎందుకంటే సింకు పక్కన ప్లైవుడ్ తడికి ఉబ్బుతుంది, చెద తింటుంది. ఈ ఏడాది పలకలు, చీటీ పాడిన ఏడాది తలుపులు, ఆ మరుసటి ఏడాది చిమ్నీ. సంఘం అప్పు ఒక విడత, చీటీ ఒక విడత. నాన్‌స్టిక్ పెనం వచ్చాక లోహపు గరిటె దాని పూతను గీకుతుందని మళ్లీ కొయ్య గరిటెను వెదుకుతున్నారు. కళాయి గిన్నెకు పనికివచ్చిన ఉదయగిరి గరిటె ఈ పెనానికీ పనికివస్తుంది. ఊరి వస్తువును ఊరివారే కొనుక్కోవడానికి ఇంతకంటే మంచి కారణం అక్కరలేదు.

కొత్త అరలు బిగించేటప్పుడు అటక మీది పాత ఇత్తడి తూకానికి వెళుతున్నది. ఆ బిందెల అంచుల మీద చుక్కల్లో ఉన్న పేర్లు, తేదీలు ఈ ప్రాంతపు వంటింటికి మిగిలిన శాసనాలు. 1905 సంపుటాలకు ఎక్కనివి. అమ్మేవారు అమ్మవచ్చు, గతంలోనూ అవసరానికి అమ్మారు. తక్కెడలో వేసే ముందు మాత్రం అంచును చింతపండుతో తోమి, దాని మీద ఉన్న పేరును, తేదీని, ఎవరి పెళ్లికి ఏ ఊరి నుంచి వచ్చిందో ఇంట్లో పెద్దావిడను అడిగి, ఒక నోటు పుస్తకంలో రాసి ఉంచండి.